ఆ ఉదయం నేను గదిలో లేను

ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇక మొయ్యను. వింటే వినండి, తిడితే తిట్టండి, క్షమించామని మాత్రం అనకండి. అది అడగడానికి నేను ఇక్కడ కూర్చోలేదు.

మా అత్త జమ్మలమడుగులో మా సంఘానికి పెద్దదిక్కు. ఎవరికైనా చివరి ఘడియలు వచ్చాయంటే ముందు ఆమెకే కబురు. మాలో ఒక పద్ధతి ఉంది, పోయే మనిషిని ఒంటరిగా వదలరు. ఆడవాళ్లు వంతులు వేసుకుని మంచం పక్కన కూర్చుంటారు, పాటలు పాడతారు, నోరు తడుపుతారు. ఎన్ని ఇళ్లలో అలా కూర్చుందో ఆమె! తాను మంచం పట్టినప్పుడు అందరూ వచ్చారు. కానీ క్రిస్మస్ ఉదయం ఆరాధన మానుకుని ఎవరు వస్తారు? ఆ పూట వంతు నాది. నా భర్త ఎర్రగుంట్లలో సిమెంటు లోడు కోసం లారీ దగ్గర చిక్కుకుపోయాడు. ఇంట్లో మేమిద్దరమే.

నేను చర్చిలో పాట పాడాలి. కొత్త చీర కట్టుకున్నాను.

"యాటికి పోతాండావు మ్మే?" అంది అత్త.

"చర్చికత్తా. పాట పాడేసి బిర్నా వస్తా."

"ఈ పొద్దు పోవద్దులే. నాకు శానా భయమైతాంది."

నేను నవ్వాను. అవును, నవ్వాను. "భయమేందత్తా? దేవుడు నీకాడ్నే ఉండాడని నువ్వే గదా ఊరందరికీ చెప్తాంటావు? ఇమ్మానుయేలంటే దేవుడు మనకు తోడనే గదా?"

"ఉండాడు లేమ్మే. లేడని నేనంటినా? నోరు ఎండితే నీళ్లు తాపేదానికి మనిషి గూడా కావల్ల గదా."

తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాను.

ఇక్కడితో ఆపితే మీరు నన్ను అర్థం చేసుకుంటారు. ఆపను. పాట కాగానే వెనకవైపు నుంచి బయటికి వచ్చాను. అందరూ చూశారు, ఇంటికి పోతోందనుకున్నారు. నేను పోలేదు. షామియానా వెనక ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఊరికే. ఎన్ని నెలలకో, ఎవరూ నన్ను పిలవని కాసేపు. ఎండ హాయిగా తగులుతోంది. లోపల పాస్టరయ్యగారు దేవుడు మనకు తోడని చెబుతుంటే అందరితో పాటు ఆమెన్ కూడా అన్నాను. అలసటా అది? అలసటేనని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ఆమె పిలుస్తూ ఉంటుందని తెలిసి కూడా, ఆ పిలుపు వినపడనంత దూరంలో కూర్చోవడం నాకు బాగుంది.

ఇంటికి వచ్చేసరికి అత్త పోయింది. చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. గ్లాసు నేల మీద పడి ఉంది. ఒలికిన నీళ్లు తుడిచాను. గ్లాసు కడిగి బోర్లించాను. ఆ చెయ్యి ఎత్తి గుండెల మీద పెట్టాను. ఆ తర్వాతే గొంతెత్తి ఏడ్చాను.

పులివెందుల నుంచి ఆడబిడ్డ గుండెలు బాదుకుంటూ వచ్చింది. పోయేటప్పుడు మా అమ్మ దగ్గర ఎవరున్నారు వదినా అని అడిగింది. నేనే ఉన్నానన్నాను. పాట పాడుతుంటే నవ్వుతూ నా చేతుల్లోనే పోయిందన్నాను. ఎంత సులువుగా వచ్చింది నోటికి! ఆమె నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేదు.

అంతే, అది చర్చిలో అందరి ముందూ చెప్పే సాక్ష్యమైపోయింది. ప్రొద్దుటూరుకు కాపురం మార్చినా వదల్లేదు. ఏటా క్రిస్మస్‌కు పిలుస్తారు, మైకు ఇస్తారు, చెబుతాను. ఆడబిడ్డ ముందు వరుసలో కూర్చుని కళ్లు తుడుచుకుంటుంది. ఒక్కో ఏడాది ఇంకో ముక్క కూడా కలిపాను. జనం ఏడిస్తే నాకు లోపల గర్వంగా ఉండేది, అదీ చెప్పాలి.

దేవుడా, నువ్వున్నావు కదా ఆ గదిలో? చూశావు కదా? మరి నేను మైకు పట్టుకున్నప్పుడు ఒక్కసారైనా నా నోరు పడిపోయేలా చెయ్యలేదేం? అడుగుతాను, నాకేం భయం? ఉండి కూడా నీళ్లివ్వనివాడివి నువ్వు. ఇవ్వగలిగి కూడా అక్కడ లేనిదాన్ని నేను. చాలా ఏళ్లు ఈ కోపంతోనే బతికాను. బాగుంది కదా, నా పాపంలో సగం ఆయన నెత్తిన రుద్దడం? ఇప్పుడు అదీ చెయ్యను. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. ఆ పూట ఆయన తోడంటే బహుశా నా చేతులే. వాటిని ఒళ్లో పెట్టుకుని నేను ఎండ కాచుకున్నాను.

నిన్న ఆడబిడ్డ ఫోన్ చేసింది. ఈసారి పండక్కి పులివెందులలో వాళ్ల సంఘంలో చెప్పాలట. అమ్మ నవ్వుతూ పోయిన సంగతి వింటేనే తనకు పండగట. నిజం చెబితే ఆమెకున్న ఆ ఒక్క ఓదార్పూ పోతుంది. ఇన్నేళ్లు ఆ ఓదార్పును అడ్డం పెట్టుకుని నన్ను నేను కాపాడుకున్నానా? కాపాడుకున్నాను.

"మీయమ్మ ఒక్కతే పాయ పాపా," అన్నాను. "నీళ్లకు చెయ్యి చాపి పాయ. నేను ఆడ లేను."

ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు. ఇక చెయ్యకపోవచ్చు. ఆమె కడుపుమంట ఆమెది, వద్దనడానికి నేనెవర్ని? పండగనాడు మైకు ఇస్తే ఇదే చెబుతాను. ఇవ్వకపోతే లేచి నిలబడి చెబుతాను. సిగ్గు విడిచి ఇంకొకటి కూడా చెబుతున్నాను, వినండి. ఆమె ఫోన్ పెట్టేశాక నాకు ఆకలేసింది. అన్నం పెట్టుకుని కడుపునిండా తిన్నాను.