తీజ్ బుట్టల ముందు పరీక్ష

మాన్‌సింగ్ ఆటోలో మాన్‌సింగ్‌కు తప్ప అందరికీ చోటుంటుంది. బయ్యారం అవతలి తండా నుంచి మా ఊరి బడికి రోజూ పద్నాలుగు మందిని తెస్తాడు. తాను మాత్రం మూడో తరగతి దాటలేదు.

"ఇంట్ల మా లంబాడి మాట, బడిల తెలుగు. సారు చెప్పేది సమజ్ కాకపోయేది. గా మేకలే నయమనిపించినయి," అని నవ్వుతాడు.

నేను ఆ బడిలో వంట చేస్తాను. నా చదువు ఎనిమిదిలో ఆగింది కాబట్టి ఆ నవ్వు నాకు తెలుసు.

అతని కూతురు పల్లవి నాలుగో తరగతి. గురుకుల ప్రవేశ పరీక్షకు పదిమందిని ఎంచి విడిగా చదివిస్తానని సురేందర్ సారు చెప్పాడు. అందుకు పెట్టిన చిన్న పరీక్ష సరిగ్గా తీజ్‌లో పడింది. తండాలో పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, పూటపూటకూ పాడుతూ నీళ్లు పోసే పండుగ అది.

ఆ రోజు ఆటోలోంచి మగపిల్లలే దిగారు.

"ఆడపిల్లలేరి?" అన్నాడు సారు.

"తీజ్ గద సారూ."

"గిదే మరి! ఊరి పిల్లలకు మార్కులొస్తయి, మీ తండోళ్లకు రావు. ఎట్లొస్తయి, చదువు మీద ధ్యాస లేకుంటే? పరీక్ష రాయకుంటే పల్లవి పేరుండదు."

మాన్‌సింగ్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "మీ దసరాకు బడి బందు వెడ్తరు. మా తీజ్‌కు గైర్‌హాజరు వేస్తరు. ధ్యాస ఎవలకు లేనట్టు సారూ?"

నా చేతిలో గంటె ఆగిపోయింది. సారు చేతిలోని ప్రశ్నపత్రాలు సర్దుకున్నాడు.

"బుట్టలు గిక్కడికే తేరాదు?"

"నాయక్ ఇంటి ముందు మంచె మీదున్నయి. వాటిని కదిలిస్తే ముసలోళ్లు నన్ను కదిలిస్తరు. బుట్టలు రావు గని సారు రావచ్చు. ఎక్కుండ్రి, కిరాయి అడుగ."

సారు బడిలో పరీక్షను ఇంకో సారుకు అప్పజెప్పి, మిగతా ప్రశ్నపత్రాలు చంకన పెట్టుకుని ఎక్కాడు. గంటె తోటి వంటామెకు అప్పగించి నేనూ వెనక కూర్చున్నాను.

తండా పెద్ద అయిన నాయక్ ఇంటి మంచె ముందు ఏడుగురు ఆడపిల్లలు రాయడం మొదలుపెట్టారు. నీళ్ల వేళ కాగానే కాగితాలు బోర్లించి, పాడుతూ నీళ్లు పోసి, మళ్లీ వచ్చి భాగహారాలు పట్టారు. సారు గడియారం చూసుకున్నాడు. "ఇంకో పది నిమిషాలిస్త తీయ్," అన్నాడు.

సోమవారం జాబితా అంటించారు. తండా పిల్లలు నలుగురున్నారు. మొదటి పేరు ఊరి శ్రీలతది, రెండోది పల్లవిది. మాన్‌సింగ్ కూడబలుక్కుని చదివాడు. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. నొసలు ముడిచాడు.

"ఆ పొల్లకంటె ఎన్ని తక్కువొచ్చినయే?"

"మూడు, బాపూ."

"యాడ పోగొట్టినవ్? సారూ, గా కాగితం జర ఇయ్యుండ్రి."

పిల్లలంతా ఆటోలో ఎదురుచూస్తున్నారు. అతను బడి మెట్ల మీద కూర్చుని, తప్పిన లెక్కను కూతురితో చెప్పించుకుంటున్నాడు.