చిరుగుల చాప

నుకుఅలోఫా బజారు వెనక ఫోటో స్టూడియోలో ఫోటోలు దిద్దే లోసెలీది మూల కుర్చీ. కలంతో గీస్తే తెర మీద గీత పడే పలకల్లో చిన్నది వద్దని, యజమానిని బతిమాలి పెద్దదే తెప్పించుకుంది. అది బల్లంతా ఆక్రమించి టీ కప్పును కిటికీలోకి తరిమింది. మొదట్లో చెయ్యి ఒక దారి, గీత ఒక దారి. చూపు మాటిమాటికీ చేతి మీదికే జారేది. "చేతిని కాదే, తెరని చూడు" అని తనను తానే కసురుకునేది. కొన్నాళ్ళకు చూపు తెర మీద నిలిచింది, మణికట్టు వదులైంది. ఇక పట్టపగ్గాలు లేవు. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, ముసలాళ్ళ ముడతలు, గోడల పెచ్చులు, కలం కింద ఏది పడితే అది నున్నగా అయిపోయేది.

ఆ ఊపులోనే సేలా ముసలమ్మ ఫోటో కూడా దిద్దేసింది. భర్త పోయినందుకు అక్కడి ఆచారం ప్రకారం నడుముకు చిరుగుల పాత చాప చుట్టుకుని ఆవిడ తీయించుకున్న ఫోటో అది. చేతికి అందుకోగానే ముసలమ్మ మొహం మాడ్చుకుంది.

"ఏమే, నేను మొగుడి చావుకి చాప కట్టుకున్నానా, పెళ్ళికి ముస్తాబయ్యానా? మా అత్త కట్టి, ఆవిడత్త కట్టి చివికిన అంచే ఇది! ఒక్క చిరుగైనా మిగల్చలేదే!"

లోసెలీ గబగబా అసలు ఫోటో తెర మీదికి తెచ్చింది. చిరుగులన్నీ కనిపించాయి. "ఇదిగో అమ్మమ్మా, ఇదే అచ్చు వేసిస్తాను."

"వేద్దువుగానిలే. పోయినేడు మీ అమ్మ పోతే నువ్వూ ఇలాంటి చాపే కట్టుకుని ఈ కుర్చీలోనే కూర్చున్నావు. పీచులు నేలంతా రాలేవి."

లోసెలీ చూపు తెర మీంచి జారింది. కలం పట్టుకున్న చేతినే చూస్తూ ఉండిపోయింది.