నా ఇల్లు ఎంత ఎత్తని రాసుకున్నారు?

ఒజీలియా వెర్డిన్ అమెరికాలోని లూసియానా తీరంలో, కాలువ గట్టు రోడ్డు మీద ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. తుఫానుకు పాత ఇల్లు కొట్టుకుపోతే, అదే స్థలంలో పన్నెండడుగుల స్తంభాల మీద కొత్తది కట్టుకుంది. ఆ తర్వాత రెండుసార్లు ఊరు మునిగినా నీళ్లు ఆమె మెట్లు దాటలేదు. అయినా ఆ వేసవిలో ప్రభుత్వ వరద బీమా వారి ఉత్తరం వచ్చింది. ప్రీమియం మూడింతలు చేశారు.

ఆమె తిన్నగా ఏజెంటు రాయిస్ దగ్గరికి వెళ్లింది.

“ఏ లెక్కన పెంచారు బాబూ?”

“కంప్యూటర్ చెప్పిద్ది మిస్ ఒజీలియా. నాక్కూడా చివరి అంకె ఒక్కటే కనబడుద్ది.”

“మరి నా ఇంటి సంగతి దానికెవరు చెప్పారు?”

రాయిస్ పై కార్యాలయం చిరునామా రాసిచ్చాడు. తన ఇంటి గురించి ఏమేం రాసుకున్నారో చూపించమని ఆమె బీమా కార్యాలయానికి రాసింది. కుదరదన్నారు. సమాచార హక్కు చట్టం కింద మళ్లీ రాసింది. జవాబు కోసం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రొయ్యల పడవ నడిపే పక్కింటి క్లోవిస్‌ను వెంటేసుకుని, టేపు పట్టి ఆ రోడ్డులో పద్దెనిమిది ఇళ్లు కొలిచింది. క్లోవిస్ ఇల్లు ఆమె ఇంటికన్నా నాలుగడుగులు తక్కువ. ప్రీమియం మాత్రం ఆమెదాంట్లో సగం కూడా లేదు.

“ఇక్కడితో ఆపెయ్యి ఒజీలియా! ఇది చూశారంటే నాదీ పెంచుతారు.”

“పెంచితే ఎందుకో కాగితం మీద చూపించమందాం. ఆ కొస గట్టిగా పట్టుకో ముందు.”

అక్టోబరులో ఈ పెంపు గురించి బీమా వాళ్లు ఊరి అగ్నిమాపక కేంద్రంలో సభ పెట్టారు. బీమా అధికారిణి మాట్లాడుతుండగా ఒజీలియా లేచింది.

“నా ఇల్లు ఎంత ఎత్తులో ఉందని రాసుకున్నారు తల్లీ?”

“సొంత వివరాలు సభలో చెప్పకూడదు మేడమ్.”

“నా ఇల్లు, నేనే అడుగుతున్నా. వీళ్లలో సగం మంది నా బస్సెక్కినోళ్లే. వీళ్ల దగ్గర నాకు దాపరికమేంటి?”

ఆ అమ్మాయి కంప్యూటర్‌లో వెతికి, గొంతు తగ్గించి, “ఒక అడుగు,” అంది.

“నా కోళ్లగూడే అంతకన్నా ఎత్తుంటది!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా ఘొల్లుమంది. ఒజీలియా నవ్వలేదు. ఇల్లు కట్టినప్పుడు సర్వేయరు ఎత్తు కొలిచి ఇచ్చిన కాగితం, పద్దెనిమిది ఇళ్ల కొలతలు బల్ల మీద పెట్టింది.

“నాది దిద్దుతారు, సంతోషం. మరి అడగడం తెలీనోళ్ల సంగతేంటి?”

నెలలో ఆమె ప్రీమియం తగ్గింది. క్లోవిస్‌ది పెరిగింది. అతను రెండు వారాలు ఆమె ముఖం చూడలేదు. మూడో వారం తన ఉత్తరం పట్టుకుని వచ్చాడు.

“ఈసారి ఎత్తు సరిగ్గానే రాశారులే. కానీ ఆ ఎత్తుకి ఇంతని ఎలా తేల్చారో చెప్పలేదు.”

“నేను మొదట్నుంచీ అడిగేది అదేగా. కూర్చో.”

మరుసటి ఏడు నుంచి ఆ రోడ్డుకు వచ్చే ప్రతి ఉత్తరంతో ఇంకో పేజీ వస్తోంది: ఇంటి ఎత్తు, కట్టిన ఏడాది, నీటికి ఎంత దూరమో. వాటి నుంచి ధర ఎలా కడతారో మాత్రం ఇంకా బయటపెట్టలేదు. దాని కోసం ఒజీలియా ఏడు ఉత్తరాలు రాసింది. ఎనిమిదో దాని మీద క్లోవిస్ కూడా సంతకం చేశాడు.