సీసా బీరు, తీగ బీర

ఆ రోజు పొద్దున వీధిలో గంప దించి "తోటకూరో, పాలకూరో" అని కేకేస్తే, నా నోట్లోంచి "తోతకూయో, పాయకూయో" అని వచ్చింది. మేడమీది ఆవిడ నవ్వింది. నేనూ నవ్వబోయాను. నాలుక కదల్లేదు.

దానికి మూడు రోజుల ముందే ఆడికృత్తిక పండక్కి సుబ్రహ్మణ్యస్వామి గుళ్లో నాలుకకు శూలం గుచ్చించుకున్నాను. కూతురికి కాన్పు గండం గడిస్తే గుచ్చించుకుంటానని మొక్కు. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ బిడ్డా, ఈ బండ గొంతూ. చిత్తూరు వీధుల్లో కేకేసి ఆకుకూర అమ్మి దాన్ని పెంచాను. నాకు రాతరాదు, నేను చెబుతుంటే ఇప్పుడు రాస్తున్నదీ నా కూతురే. ఆ కేకే పోతే నా బతుకేం కాను?

లారీ నడిపే మా తమ్ముడు మునిరత్నం ఒక సీసా తెచ్చాడు.

"నోటిపూతకు డాక్టర్లిచ్చే బీకాంప్లెక్సు యాడ్నించి వస్తాదనుకుంటివి? ఈస్టులోంచి. బీరంతా ఈస్టే. తాగక్కా."

"థూ, ఏం వాసనరా!"

"మందు మందువాసన రాక మల్లెపూల వాసనొస్తాదా?"

చల్లగా తగిలేసరికి మంట అణిగింది. నయమవుతోందనుకున్నాను.

మర్నాడు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాను. మెట్రోనిడజోల్ మాత్రలు రాశాడు. బీరు సంగతి అడగాలి. ముసలిదాన్ని, సిగ్గు. తిరగని నాలుకతో మాట సగం మింగి, "సార్, బీర్... తీసుకోవచ్చునా?" అన్నాను. ఆయన నా గంప వైపు చూశాడు. పైన నాలుగు బీరకాయలున్నాయి.

"బీరా? చలవే కదమ్మా, తీసుకో. కారం మాత్రం ముట్టొద్దు."

డాక్టరే చెప్పాక ఇంక భయమేంటి? తమ్ముడు నంజుకోను పెట్టే కారం శనక్కాయలు మాత్రం ముట్టలేదు.

ఆ సాయంత్రం మాత్ర మింగి అర సీసా తాగాను. కాసేపటికి ముఖం కాలిపోయింది. గుండె దడదడ, ఒకటే వాంతులు. నాలుక ఉబ్బి నోరు మూతపడలేదు. తమ్ముడు ఏడ్చుకుంటూ లారీలోనే తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

"డాక్టరే తాగమన్నాడంట మేడమ్," అంది నా కూతురు అక్కడి డాక్టరమ్మతో.

"బీరు తాగమన్నాడా?"

"కారం లేకుండా తాగమన్నాడంట."

డాక్టరమ్మ కేసుషీటు మీంచి తలెత్తింది. "బీరులో కారం ఎవరేస్తారమ్మా? ఆయన బీరకాయనుకున్నాడు!" సెలైన్ ఎక్కిస్తున్న నర్సు నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "పచ్చిగాయం మీద ఆల్కహాల్ పడితే మానదు. మెట్రోనిడజోల్‌తో కలిస్తే ఇట్లాగే అవుతుంది. వాపు ఇంకొంచెం పెరిగుంటే ఊపిరాడేది కాదు."

గాయంలో పట్టిన చీము తీశారు, ఐవీ యాంటీబయాటిక్స్ ఇచ్చారు. వాపు తగ్గింది. అంతలో నాలుక మీద తెల్లటి పొర. "ఓరల్ థ్రష్, ఈస్ట్ ఇన్‌ఫెక్షన్," అన్నారు. ఈస్టు మాట వినగానే తమ్ముడు తల బాదుకున్నాడు: "అయ్యో అక్కా, నీ నోట్లో నేనే ఇత్తితినే!"

"నువ్వు విత్తలేదులేవయ్యా," అంది డాక్టరమ్మ. "బీరులో ఈస్ట్ వేరు, ఇది వేరు. ఇది నోట్లో ఉండేదే. యాంటీబయాటిక్స్‌కు పెరిగింది." షుగర్ టెస్ట్ చేశారు, లేదన్నారు. మౌత్ పెయింట్ అనే మందు నోట్లో పూసుకోమన్నారు, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు. పొర పోయింది.

నెల దాటాక గంపెత్తుకుని అదే వీధికి వెళ్లాను. భయం భయంగా నోరు తెరిచాను. "తోటకూరో!" 'ర' ఖణేల్‌మంది. మేడమీది ఆవిడ పరుగున దిగొచ్చి, అవసరం లేకపోయినా రెండు కట్టలు తీసుకుంది.

ఇప్పుడు నాలుక మీద చిన్న బుడిపె ఉంది, అంతే. మొక్కుకో, ముచ్చటకో నోట్లో కుట్టించుకునేవాళ్లకు నా మాట ఒకటే. గాయం పూర్తిగా మానిందని డాక్టరు చెప్పేదాకా బీరు, కల్లు ఏదీ వద్దు. డాక్టరును అడిగేటప్పుడు మాట మింగకండి. "సీసాలో బీరు" అని పూర్తిగా చెప్పండి.