కార్జం పైన సందు

బోధన్ దగ్గర రెంజల్ పొలాల్లో చెరుకు కొట్టే ముఠాలో ముత్తవ్వ కత్తికి పేరుంది. ఆమె నోటికి అంతకంటే పెద్ద పేరు. పోయినేడు మొగుడు సాయన్న చనిపోయాక ఆ నోరు మూతపడింది. పాపం, దుఃఖం అనుకున్నారు తోటివాళ్లు. దుఃఖమూ ఉంది, కాదనను. కానీ నోరు మూయించింది పగ. ముఠా మేస్త్రీ నాగేందర్ కనబడితే చాలు, ఆమెకు ఒళ్లు భగ్గుమనేది.

సాయన్న లారీకి చెరుకు మోపులెత్తే మనిషి. ఒకనాడు కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. అది తగ్గిందని మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంబరపడ్డారు. తర్వాత జ్వరం, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. కుడి జబ్బ, అంటే భుజం, పీకడం మొదలుపెట్టింది. మోపులెత్తేవాళ్లకు జబ్బ నొయ్యడం మామూలే. ఇంకో నాలుగు మోపులు మోస్తే అదే సర్దుకుంటుందని ముఠా నమ్మకం. నాగేందర్ పని ఆపనివ్వలేదు సరికదా, "కామ్‌చోర్ సాయన్న" అని, అంటే పనిదొంగ అని, పేరు పెట్టి నలుగురినీ నవ్వించాడు. ఆ పేరు ఊరంతా పాకింది. సాయన్న పళ్లు బిగబట్టి మోసి మోసి, లారీ పక్కనే కూలబడ్డాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో సర్జన్ మేడం స్కానింగ్ చూసి ముత్తవ్వకు విడమరిచి చెప్పింది. అపెండిక్స్ పగిలింది. చీము కుడి పక్క నుంచి పైకి పాకింది. కార్జం, అదే కాలేయం, కడుపులో అన్ని వైపులా అతుక్కుని ఉండదు. దాని కింద మూత్రపిండం వైపు ఒక సందు ఉంది. దాని పైన, ఊపిరితో కదిలే పొరకూ దానికీ మధ్య ఇంకో సందు. చీము రెండింట్లోనూ నిండింది. ఆ పొరకూ భుజానికీ నరాలు మెడలో ఒక్కచోటి నుంచే వస్తాయి. అందుకే పొర మండితే భుజం నొస్తుంది.

"మోపు ఏ భుజం మీద మోస్తాడమ్మా?" అని అడిగింది మేడం.

సాయన్న ఎప్పుడూ మోసేది ఎడమ జబ్బ మీద.

చీము తీశారు గానీ మనిషి దక్కలేదు. దినాలకు వచ్చినవాళ్లు కూడా కామ్‌చోర్ సాయన్న అనే చెప్పుకున్నారు. ఆ పేరు పెట్టినవాడి చేతనే దాన్ని కక్కిస్తానని ముత్తవ్వ ఒట్టు పెట్టుకుంది.

ఈ ఏటి కోత ముగిసింది. ఆఖరి లారీ కదిలాక ముఠా మేకను కోస్తుంది, కార్జం మేస్త్రీకి ఇస్తుంది. అది ఆనవాయితీ. మేకను వేపకొమ్మకు వేలాడదీసి పొట్ట చీల్చారు. పేగులు తీసి కడిగేది ముత్తవ్వే. పేగులు తీసింది, కార్జం ముట్టలేదు.

"నీ వాటా నువ్వే తీస్కో మేస్త్రీ."

నాగేందర్ నవ్వుతూ చొక్కా చేతులు మడిచాడు. ఆమె అతని మణికట్టు పట్టి కార్జానికీ పొరకూ మధ్యలోకి తోసింది.

"చెయ్యి వట్టిందా?"

"వట్టింది. ఏందక్కా ఇది?"

"గీ సందులనే నా మొగనికి చీము నిండింది. గందుకే జబ్బ నొచ్చింది. నువ్వు మోపులెత్తిచ్చినవ్."

నాగేందర్ చెయ్యి లాక్కోబోయాడు. ముత్తవ్వ వదల్లేదు.

"నాకేం తెలుసక్కా? జబ్బ అందరికి నొస్తది గదా."

"ఏ జబ్బ అని అడిగినవా? ఆయన మోసేది ఎడమ దిక్కు. నొచ్చింది కుడి దిక్కు. నాకు గూడ తట్టలే, నిజమే. కని నేను నవ్వలే. నువ్వు నవ్వినవ్."

నాగేందర్ చుట్టూ ఉన్న ముఠా వైపు చూశాడు.

"ఇప్పుడు ఆయన పేరు చెప్పు."

"సాయన్న."

"మొత్తం చెప్పు."

"సాయన్న కామ్‌చోర్ కాదు. పానం బాగలేకున్నా మోసిండు. నేనే మోయిచ్చిన."

ఇక వదిలేస్తుందేమోనని ఆడవాళ్లు ముత్తవ్వ వైపు చూశారు. ఆమెకు జాలి రాలేదు. ఏడాదిగా లేనంత హాయిగా ఉంది.

"ఎనుకున్నోళ్లకు ఇనబడలే," అంది. "ఇంకోపారి చెప్పు."