పొదిలి మిరప కల్లంలో తిప్పిన గెలాక్సీ

పొదిలికి సరదాగా ఎవరు వెళ్తారు చెప్పండి! నేనూ సరదాకి వెళ్ళలేదు. అక్కడి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సువార్త, నేను ఎమ్మెస్సీ కలిసి చదువుకున్నాం. ఈ ఏడాది చాలినంతమంది చేరకపోతే ఫిజిక్స్ గ్రూపు ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పేసిందట. "ఇంటరైన ఆడపిల్లలకి నీ గెలాక్సీల సంగతి ఒక్కసారి వచ్చి చెప్పవే, ఒకరిద్దరైనా చేరతారు" అని ఫోన్ చేసింది. గుంటూరు కోచింగ్ కాలేజీలో ఏళ్ళ తరబడి అవే ఎంట్రన్స్ లెక్కలు రుద్దిస్తున్న నన్ను, గెలాక్సీల గురించి అడిగిన మనిషే లేదు. సరేనన్నాను.

గుంటూరులో పొద్దున్నే ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. ఒంగోలులో బస్సు మారాలి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక చిక్కుకుని, దుమ్ము మింగుతూ, పొదిలిలో దిగేసరికి మధ్యాహ్నమైంది. ఆటో అతనికి కాలేజీ పేరు చెబితే నవ్వాడు. "అక్కడెవరున్నారు మేడం? పిల్లలంతా మిరపకాయల కల్లాల్లో ఉంటే!"

అతను అన్నదంతా నిజమే. గేటు దగ్గర సువార్త ఒక్కతే నిలబడి ఉంది. "పిల్లలు రాకపోతే మనమే పోదాం పదవే" అని అదే ఆటోలో కల్లానికి తీసుకెళ్ళింది. ఎర్రటి రాశుల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, రంగు పోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తున్నారు. వాళ్ళలో రత్నమ్మ, ఆమె కూతురు కెజియా ఉన్నారు. ఫిజిక్స్‌లో చేరతానని ఇంతవరకు మాటిచ్చింది ఆ పిల్ల ఒక్కతేనట.

తాలుకాయల్ని పట్టా మీద గుండ్రంగా పరిచాను. మధ్యలో ఒక వెదురు కర్ర పెట్టి తిప్పమన్నాను. కెజియా తిప్పుతుంటే కర్ర అందినంత మేరా కాయలు జరిగి, దాని కొసల దగ్గర వలయంలా పోగయ్యాయి. చాలా గెలాక్సీల నడుమ ఇలాగే నక్షత్రాలతో కూడిన కడ్డీ ఒకటి తిరుగుతుందనీ, మన పాలపుంతలోనూ ఉందనీ చెప్పాను. అయితే అసలు కడ్డీ చుట్టూ ఉన్న వాయువుని ఇలా బయటికి నెట్టదు, ఎక్కువగా నడిమికి లాగేస్తుంది. అక్కడ కొత్త నక్షత్రాలు పుడతాయి. కడ్డీ ఊడ్చిన మేరలో మాత్రం పాతవే మిగులుతాయి. దగ్గుతూనే చెప్పుకుపోయాను. ఎన్నేళ్ళకో ప్రాణం లేచొచ్చింది!

"నడిమికి పోయిన వాయువు మళ్ళీ తిరిగి రాదా మేడం?" అంది కెజియా.

"చాలావరకు రాదమ్మా. అక్కడే ఖర్చయిపోతుంది."

రత్నమ్మ చేతులు దులుపుకుని లేచింది. "మేడం, గుంటూరు నుంచి మీ కాలేజీవాళ్ళే మొన్నొచ్చారండి. లాంగ్ టర్మ్ కోచింగని మా వీధిలో ఆడపిల్లలందర్నీ రాయించుకుపోయారు. ఆ కాగితం మీద మీ ఫొటో కూడా ఉందండి. మా పిల్లని కూడా పంపుదామనుకుంటున్నా. మీరుంటారుగా! అక్కడ కూడా ఈ నక్షత్రాలే చెబుతారా?"

సువార్త నా మొహం వంక చూడలేదు. దాని పిల్లల్ని ఎగరేసుకుపోతున్నది మా కాలేజీవాళ్ళేనని దానికి ముందే తెలుసు. తెలిసే పిలిచింది, నేరుగా తిట్టలేక.

"చెప్పనమ్మా, అక్కడ చెప్పనివ్వరు" అన్నాను. కెజియా కర్ర పక్కన పెట్టేసి మళ్ళీ తాలుకాయలు ఏరడానికి కూర్చుంది.

పరిశోధనంటూ పదేళ్ళు ఈ కడ్డీల గురించే చదివాను. చుట్టూ ఉన్నదంతా ఊడ్చేసే కడ్డీకి తను చేస్తున్నదేమిటో తెలియదు కాబట్టి దాని తప్పేమీ లేదు. నాకేం రోగం? జీతం తీసుకుంటూ, ఫొటోకి నవ్వుతూ నిలబడ్డాను. సువార్త ఫిజిక్స్ గ్రూపు ఈ ఏడాది ఉండదు. మా కాలేజీ మాత్రం కొత్త సెక్షన్ తెరుస్తుంది.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మిరప కల్లంలో అడుగుపెట్టే ముందు ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి. నేను కట్టుకోలేదు. తిరుగు బస్సులో పక్కసీటావిడ "ఎందుకమ్మా ఆ కళ్ళనీళ్ళు?" అని అడిగితే, మిరప ఘాటండీ అన్నాను.