నీడల టీచరు

ఆరేళ్ళుగా ఈ డిజైన్ టీచరు గీసిన బొమ్మలు కాలేజీ ప్రదర్శనలో డిపార్టుమెంటు హెడ్డుగారి పేరుతోనే వేలాడుతున్నాయి. ఆవిడ నోరు మెదపలేదు. తాత్కాలిక ఉద్యోగికి నోరు కూడా తాత్కాలికమే మరి. కొత్త వస్తువుల ఊహలను కాగితం మీద చేత్తో గీసి, రంగులద్దడం పిల్లలకు నేర్పుతుంది. మిక్సీ గీసినా చెప్పు గీసినా ముందు కళ్ళు చికిలించి, "వెలుగు ఎటునుంచి వస్తోందర్రా?" అంటుంది. అందుకే పిల్లలు 'నీడల టీచరు' అని పేరు పెట్టారు. గోళ్ళ కింద మార్కర్ నలుపు ఎంత తోమినా పోదు. ఇంట్లో టీ ఇస్తే కప్పును కిటికీ వైపు తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంటుంది. "నీడ ఎక్కడికీ పోదు గానీ టీ చల్లారిపోతుంది, తాగవే అమ్మాయ్!" అని అత్తగారు రోజూ కసురుకుంటుంది.

ఈ ఏడు హెడ్డుగారు ఆవిడ గీసిన ఫ్లాస్కు బొమ్మను తలకిందులుగా తగిలించి, కింద తన పేరు అంటించి, వచ్చినవాళ్ళకు గర్వంగా వివరిస్తున్నాడు. అది చూసి ఆవిడ ఉండబట్టలేక జనంలోంచి దూసుకెళ్ళింది.

"సార్, పేరు మీదే ఉండనివ్వండి. నీడను మాత్రం నేలకి దించండి, పాపం ఆకాశాన వేలాడుతోంది!"

జనం గొల్లున నవ్వారు. హెడ్డుగారు బొమ్మ తిప్పాడు, పేరు అలాగే ఉంచాడు. ఆవిడ తృప్తిగా తలూపి వెళ్ళిపోయింది.

ఆవిడకు అది చాలు. మనకు చాలకూడదు. ఇలాంటి ప్రదర్శనకు వెళ్ళినప్పుడు, "ఇది గీసిన చెయ్యి ఎవరిదండీ?" అని నలుగురికీ వినబడేలా అడగండి. జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.